హాగరు పాఠం ఎవరు చెప్పాలి?

పోయిన వేసవిలో మా సొంతవూరి వైపునుంచి ఒక అయ్యగారు ఫోన్ చేశారు. మే నెలలో వి.బి.ఎస్. మొదలయ్యేలోగా చుట్టుపక్కల పది పన్నెండు ఊళ్ల సండేస్కూలు టీచర్లకు మూడురోజుల శిక్షణ పెట్టాలనుకుంటున్నామని, దానికి ప్రణాళిక తయారు చేసిపెట్టమని అడిగారు. నేను దైవశాస్త్రం చదువుకోలేదు. తెలుగు సాహిత్యంలో పిహెచ్.డి. చేశాను. గుడికి ఏడాదిలో రెండుసార్లు, క్రిస్మస్‌కూ అమ్మ కోసమూ, వెళ్లేదాన్ని. ఆ మాటే చెప్పాను. "మీయమ్మగారు ముప్పై ఏళ్లు సండేస్కూలు చెప్పినారు కదమ్మా, మీకు తెలియందేముంది" అన్నారాయన.

తెలియంది చాలానే ఉందని ఆ మూడురోజుల్లో అర్థమైంది. ఈ వ్యాసం ఆ తెలియనితనం గురించే.

ముందుగా ఒక మాట. ఇందులో ఊరిపేరు, సంఘంపేరు, టీచర్ల పేర్లు రాయడం లేదు. ఎందుకు రాయడం లేదో చెప్పడం కూడా ఈ వ్యాసంలో భాగమే. మొదటిరోజు ఉదయం హాజరుపట్టీ చేతికిస్తే దాదాపు అందరూ ఆగిపోయారు. "ఏ పేరు రాయల్ల మేడం? స్కూలు పేరా, గుడి పేరా?" అని అడిగారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకు, తర్వాతి సవరణలతో 1956 నుంచి సిక్కులకు, 1990 నుంచి బౌద్ధులకు మాత్రమే షెడ్యూల్డు కులాల హోదా ఉంటుంది. క్రైస్తవం తీసుకున్న దళితులు మన రాష్ట్రంలో బి.సి.-సి కిందకి వస్తారు. బైబిలు శిక్షణ పొందినట్టు ఒక కాగితం ఇంట్లో ఉంటే అది పిల్లల సర్టిఫికెట్లకు ఎసరు పెట్టవచ్చు. నేనేమో రంగుల అంచుతో ప్రశంసాపత్రాలు అచ్చువేయించి తీసుకెళ్లాను. వాటిని సంచిలోంచి బయటకే తీయలేదు. ప్రణాళికలో నా మొదటి తప్పు అది.

రాయలసీమలో సండేస్కూలు టీచరంటే ఎవరు? అంగన్‌వాడీ ఆయా, ఇంటర్ దగ్గర చదువాగిపోయిన కోడలు, ఇంట్లో మిషన్ కుట్టే ఆమె, పెళ్లి కుదిరేదాకా చెబుదాంలే అని మొదలుపెట్టి పెళ్లయ్యాక ఇంకో ఊళ్లో అదే పని ఎత్తుకున్న అమ్మాయి. శిక్షణకు వచ్చినవాళ్లలో మగవాళ్లు ఇద్దరే. కొన్ని ఊళ్లలో ఆదివారం ఆరాధన జరుగుతున్నప్పుడు పిల్లల్ని బయట వేపచెట్టు కింద చాపమీద కూర్చోబెడతారు. లోపల ప్రసంగం, బయట కథ. లోపల మాట్లాడే మనిషిని తయారుచేయడానికి వేదాంత కళాశాలలున్నాయి. బయట మాట్లాడే మనిషికి ఒక టీచర్ల పుస్తకం, ఒక రంగుబొమ్మల కట్ట ఇస్తారు. చాలా చోట్ల జీతం లేదు. దారిఖర్చు కూడా లేదు.

మొదటినుంచీ ఇట్లాగే లేదు. 1780లలో ఇంగ్లండులోని గ్లోస్టర్ పట్టణంలో రాబర్ట్ రైక్స్ ఈ ఆదివారపు బడులను ప్రచారంలోకి తెచ్చినప్పుడు వారమంతా పనిచేసే పేదపిల్లలకు చదువు నేర్పించడం వాటి పని. చెప్పడానికి స్త్రీలను కూలికి పెట్టుకున్నాడు, ఆదివారానికి ఒక షిల్లింగు చొప్పున. మన దగ్గర లండన్ మిషన్ వాళ్లు 1805లో విశాఖపట్నంలో, 1822లో కడపలో పని మొదలుపెట్టారు. ఆ శతాబ్దం రెండో సగానికి తెలుగునాట అన్ని మిషన్లలోనూ 'బైబిలు స్త్రీ' అనే ఉద్యోగం స్థిరపడింది. తక్కువదే అయినా ఆమెకు ఒక జీతం ఉండేది. ఇంటింటికీ తిరిగి స్త్రీలకు చదవడం నేర్పేది, కథలు చెప్పేది. తెలుగు బైబిలు స్త్రీల మీద జేమ్స్ ఎలీషా తానేటి 2013లో ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాశారు. అదే 2013లో మన నంద్యాల డయోసిస్‌కు ఎగ్గోని పుష్పలలిత బిషప్ అయ్యారు. దక్షిణ ఇండియా సంఘంలో ఆ పదవికి వచ్చిన మొదటి స్త్రీ ఆమె. ఒక స్త్రీ బిషప్ కాగలిగిన ప్రాంతంలో చాపమీద కథ చెప్పే స్త్రీ పనిని పనిగా లెక్కపెట్టకపోవడం ఏమిటి? ఈ రెండూ ఒకే సీమలో పక్కపక్కనే ఉన్నాయి.

ఇక పాఠ్యం సంగతి. నాకిచ్చిన టీచర్ల పుస్తకాన్ని సాహిత్య విద్యార్థినిగానే చదివాను. దానికొక అచ్చు ఉంది: ఉద్దేశ్యం, కథ, అన్వయం, కంఠత వాక్యం, ప్రశ్నలు. నీతి ముందే రాసిపెట్టి ఉంటుంది. కథ దానికి సాక్ష్యం చెప్పడానికి వస్తుంది. ప్రశ్నలన్నీ జవాబు తెలిసినవాళ్లు అడిగేవే. పిల్లలు అడగడానికి ఎక్కడా చోటు లేదు. ఏడాదికి సరిపడా పాఠాల్లో స్త్రీ నడిపించే కథలు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. ఉన్నవాటిలో హాగరు పాఠం ఒకటి. ఉద్దేశ్యం: గర్వం నాశనానికి దారితీస్తుందని, పెద్దలకు లోబడాలని పిల్లలు గ్రహించుట.

ఆదికాండంలో హాగరు కథ రెండుసార్లు వస్తుంది. పదహారో అధ్యాయంలో పిల్లలు లేని శారయి తన ఐగుప్తు దాసి హాగరును భర్తకు ఇస్తుంది. ఇచ్చేదీ పుచ్చుకునేదీ వాళ్లిద్దరే. హాగరును ఎవరూ అడగరు. గర్భవతి అయ్యాక ఆమె యజమానురాలిని చులకనగా చూస్తుంది. శారయి ఆమెను బాధపెడుతుంది. హాగరు పారిపోతుంది. ఎడారిలో నీటిబుగ్గ దగ్గర దూత కనిపించి తిరిగి వెళ్లమంటాడు. ఇరవై ఒకటో అధ్యాయంలో ఈసారి వాళ్లే ఆమెను కొడుకుతో సహా కొంచెం రొట్టె, ఒక తిత్తి నీళ్లు ఇచ్చి వెళ్లగొడతారు.

పాఠం రాసినవాళ్లు ఇందులోంచి ఏమేం తీసేశారో చూడండి. హాగరును అబ్రాముకు ఇవ్వడం పిల్లలకు చెప్పదగింది కాదని తీసేశారు. అది కొంతవరకు అర్థం చేసుకోవచ్చు. శారయి పెట్టిన బాధను తీసేశారు, విశ్వాసులకు తండ్రి అయిన అబ్రాహాము ఇంటికి మచ్చ రాకూడదని కాబోలు. మర్యాద కోసం ఒకటి, గౌరవం కోసం ఒకటి తీసేశాక కథలో మిగిలింది హాగరు గర్వం ఒక్కటే. అబద్ధం ఒక్క వాక్యం కూడా లేదు. ఉన్నదాంట్లోంచి కొంత తీసేస్తే చాలు, బాధపడిన మనిషి తప్పుచేసిన మనిషైపోతుంది. మన పురాణకథలు పిల్లల పుస్తకాల్లోకి వచ్చేటప్పుడు కూడా ఇదే జరుగుతుందని నా పరిశోధనలో చాలాసార్లు చూశాను. నేను పెరిగిన గుళ్లో కూడా ఇదే జరుగుతుందని చూడటానికి ఇన్నేళ్లు పట్టింది.

మొదటిరోజు మధ్యాహ్నం ఇదంతా ఉపన్యాసంగా చెప్పాను. ఎలిజబెత్ కేడీ స్టాంటన్ 1895లో తెచ్చిన 'స్త్రీల బైబిలు' గురించి, స్త్రీలకు అర్థమయ్యే తేలికైన మరాఠీలోకి బైబిలును మూలభాషలనుంచి అనువదించిన పండిత రమాబాయి గురించి చెప్పాను. అందరూ మర్యాదగా రాసుకున్నారు. బయట ఎండ నలభై దాటింది. మూలన ఇద్దరు చంటిపిల్లలు ఏడుస్తున్నారు. టీ వచ్చాక ఒకామె నా పక్కకొచ్చి కూర్చుంది.

"మేడం, నేను ఆ పాఠం చెప్పడం మానేసి మూడేండ్లాయ."

ఎందుకని అడిగాను.

"ఒక పిల్ల అడిగింది. హాగరు పనిమనిషి కదా టీచర్, మాయమ్మ గూడ బెంగుళూర్ల ఇండ్లల్ల పనికి పోతాది, ఆయమ్మ ఏం తప్పు చేసిందని దేవుడు మళ్ల ఆ ఇంటికే పొమ్మన్నాడు అని. నాకేం చెప్పల్లో తోచలేదు. కంఠత వాక్యం చెప్పించి పంపిచ్చేసినా. ఆ పిల్ల మళ్ల రాలేదు."

అనంతపురం గురించి చెప్పేటప్పుడు వర్షపాతంలో దేశంలో జైసల్మేర్ తర్వాత అంతటి కరువుజిల్లా అని చెప్పుకుంటాం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. శెనక్కాయ పంట పోయిన ఏడు బెంగుళూరు రైళ్లూ బస్సులూ నిండిపోతాయి. పిల్లలు అవ్వల దగ్గర మిగులుతారు. సండేస్కూలు చాపమీద కూర్చునేది ఆ పిల్లలే. ఎడారి, కరువు, వలస, నీళ్లు, పనికి పోయిన తల్లి. పాఠం రాసిన మనిషికి ఇవి నేపథ్యం. వినే పిల్లకు ఇవే కథ. నేను తీసుకెళ్లిన ఉపన్యాసంలో ఆ పిల్లకు చెప్పే జవాబు లేదు. ఆ రాత్రి మిగతా రెండురోజుల ప్రణాళికను కొట్టేశాను.

రెండోరోజు పుస్తకాలు మూయించి, ఆ రెండు అధ్యాయాలను మొదటినుంచి చివరిదాకా పైకి చదివించాను. ఒకరు చదువుతుంటే మిగతావాళ్లు మూడు విషయాలు గమనించాలి: ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరిని అడగలేదు, నీళ్లు ఎక్కడున్నాయి. ముప్పై ఏళ్లుగా ఆ కథ తెలిసిన ఒక పెద్దామె, శారయి, అబ్రాముల మాటల్లో హాగరు పేరే రాదని మొదటిసారి గమనించింది. ఆమెను పేరుపెట్టి పిలిచింది ఎడారిలో దూత. ఇంకొకామె, ఆమె కూడా దేవుడికి ఒక పేరు పెట్టిందని గుర్తుచేసింది. తనను చూసిన దేవుడు అని. టీచర్ల పుస్తకంలో అది లేదు. ఇరవై ఒకటో అధ్యాయం దగ్గర ఒక చిన్నమ్మాయి, "బావి కొత్తగా రాలేదక్కా, ముందే ఉండె. కండ్లు తెరుచుకున్యాక కనపడె" అంది. నేను 'మేడం'నుంచి 'అక్క'ను అయింది అక్కడే.

తర్వాత మాటల మీద గొడవ వచ్చింది. మన పాత అనువాదంలో హాగరు 'దాసి'. అనంతపురం పడమటి తాలూకాల్లో, రాయదుర్గం, కళ్యాణదుర్గం వైపు, దళిత ఆడపిల్లల్ని బసివినులుగా విడిచే ఆచారం ఉండేది. దేవదాసీ దురాచారాన్ని నిషేధిస్తూ మన రాష్ట్రంలో 1988లో చట్టం వచ్చింది. ఆ నేలమీద 'దాసి' అనే మాట పిల్లల ముందు పలకడం తేలిక కాదని ఆ వైపునుంచి వచ్చిన టీచరు చెప్పింది. అదే బైబిల్లో మరియ తన గురించి చెప్పుకున్నప్పుడు 'దాసురాలు' అవుతుంది. మన సంఘాల్లో మగపిల్లలకు యేసుదాసు, దేవదాసు అని పేర్లు పెట్టుకుంటాం. దాసి అని ఆడపిల్లకు పెట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఒకే ధాతువునుంచి వచ్చిన మాట మగవాడికి భక్తి, ఆడదానికి మచ్చ.

మరి ఏ మాట వాడాలి? 'పనిమనిషి' అంటే బెంగుళూరు వెళ్లిన తల్లులందరూ హాగరులైపోతారు. 'జీతానికున్న మనిషి' అందామని ఒకరన్నారు. "జీతానికున్నోళ్లకు జీతమన్నా వస్తాది. ఆయమ్మకు అదీ ల్యాకపాయె" అని వెంటనే జవాబొచ్చింది. చివరికి 'బానిస' అని ఉన్నది ఉన్నట్టు చెప్పాలని తేలింది. అనువాద సిద్ధాంతం మీద నేను విన్న చర్చల్లో ఇంత బాధ్యతతో జరిగినవి తక్కువ.

కానీ ఆ పిల్ల ప్రశ్న అట్లాగే ఉంది. తిరిగి ఎందుకు పంపాడు? అమెరికాలో నల్లజాతి స్త్రీల అనుభవంనుంచి ఈ కథను చదివిన డెలోరస్ విలియమ్స్ 1993లో రాసిన పుస్తకంలో, ఇక్కడ దేవుడిచ్చింది విముక్తి కాదు, బతికి బట్టకట్టే దారి అంటుంది. నేను ఆ మాట చెప్పాను. పెద్దామె తలూపింది. "కడుపుతో ఉండే మనిషి, నీళ్లు లేని తావు. ముందు బతకల్ల కదా" అంది. పాఠం మానేసిన టీచరు ఒప్పుకోలేదు. "బతకనీకి ఆ ఇంటికే పోవల్లంటే అది దేవుని మాట కాదు, కరువు మాట" అంది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. నేను సర్దిచెప్పడానికి నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాను. అత్తింటికి తిరిగి పంపబడిన కూతుళ్లు, చెల్లెళ్లు ఆ గదిలో ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. పంపినప్పుడు ఎవరో ఒకరు ఇట్లాంటి వాక్యమే చెప్పి ఉంటారు. సండేస్కూల్లో ఎనిమిదేళ్లప్పుడు విన్నది ఇరవై ఏళ్లప్పుడు పంచాయితీలో పనికొస్తుంది. ఈ పాఠం ఎట్లా చెప్తామన్నది పిల్లల వ్యవహారం కాకపోవడానికి కారణం అదే.

అందరం కలిసి ఒక నిర్ణయానికి వచ్చాం. చిన్నపిల్లలకు ఇరవై ఒకటో అధ్యాయం, అంటే ఎడారి, ఏడుపు, బావి, చెప్పాలి. పదమూడు దాటిన పిల్లలకు పదహారో అధ్యాయం ఏదీ దాచకుండా చెప్పాలి. ఎందుకు తిరిగి పంపాడని అడిగితే 'నాకూ తెలీదు, నువ్వేమనుకుంటావు' అనడానికి టీచరుకు అనుమతి ఉండాలి. నేను రాసిన కొత్త ప్రణాళికలో ఈ చివరి వాక్యాన్ని మొదటి పేజీలోనే పెట్టాను.

మూడోరోజు రూతు కథ. టీచర్ల పుస్తకానికి అది అత్తమాట విన్న కోడలి కథ. చదివితే అది కరువుతో మొదలవుతుంది. బేత్లెహేములో తిండిలేక ఒక కుటుంబం మోయాబుకు వలసపోతుంది. మగవాళ్లంతా చనిపోయి ముగ్గురు ఆడవాళ్లు మిగులుతారు. తిరిగొచ్చాక రూతు పొలాల్లో పరిగె ఏరుకుంటుంది. 'పరిగె' అనే మాటకు అర్థం చెప్పాల్సిన అవసరం ఆ గదిలో లేకపోయింది. శెనక్కాయ పీకిన చేన్లో మట్టి తవ్వి మిగిలిన కాయలు ఏరుకోని బాల్యం అక్కడ ఎవరికీ లేదు. "రైతు కేకలేస్తాడని భయమైతాది. ఆయప్ప ఏమన్లేదు చూడు, అందుకే బోయజు మంచోడు" అని ఒకామె నవ్వుతూ అంది. కళ్యాణరావు 'అంటరాని వసంతం'లో (2000) తరాల జ్ఞాపకాన్ని మోసే స్త్రీకి రూతు అని పేరు పెట్టారు. ఆ పేరు ఎందుకు సరిగ్గా అమరిందో నాకు ఆరోజు ఇంకాస్త అర్థమైంది. అయితే రూతు కష్టం చివరికి పెళ్లితోనే తీరుతుందన్న సంగతి, ఇంటికి తిరిగిపోయిన ఒర్పాను మన పాఠాలు ఊరికే నిందిస్తాయన్న సంగతి కూడా మాట్లాడుకున్నాం.

సంఖ్యాకాండం ఇరవై ఏడులో తండ్రి ఆస్తిలో వాటా అడిగిన సెలోపెహాదు కూతుళ్లు అయిదుగురి కథ ఏ పాఠంలోనూ లేదు. దాన్ని చేర్చాం. భారత వారసత్వ చట్టం 1925 కింద మన క్రైస్తవ కుటుంబాల్లో కూతురికి కొడుకుతో సమానవాటా ఉంది. కాగితాల్లో రెండు పేర్లున్నవాళ్లకు ఏ చట్టం వర్తిస్తుందో కోర్టుకెక్కితేగానీ తేలదు. అసలు వాటా అడిగినవాళ్లు ఎవరని అడిగితే ఒక్క చెయ్యీ లేవలేదు. నా చెయ్యీ లేవలేదు.

ఇక పాఠాలు కాని విషయాలు. పిల్లలు ఇంట్లో చెప్పని సంగతులు ముందు ఈ టీచర్లకే చెబుతారు. తొమ్మిదో తరగతి పిల్లకు సంబంధం చూస్తున్నారని, మామ చేతులేస్తున్నాడని. అప్పుడు ఏం చేయాలి? సంఘపెద్దల దగ్గరకు కాదు, ముందు 1098కి ఫోన్ చేయాలి. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం, 2012 నాటి పోక్సో చట్టం ఏం చెబుతాయో తేలికమాటల్లో రెండు పేజీలు రాసి చేర్చాను. మూడురోజుల్లో ఎక్కువ ప్రశ్నలు దీనిమీదే వచ్చాయి.

ప్రణాళికను కమిటీ ముందు పెట్టాను. హాగరు పాఠం మీద అంతగా అభ్యంతరం రాలేదు. ఒక పెద్దాయన "చిన్నపిల్లలకు ఇంత లోతెందుకమ్మా" అన్నారు. ఇంకొకాయన 1098 పేజీ తీసేయమన్నారు, సంఘం పరువు సంఘంలోనే ఉండాలని. అయ్యగారు దాన్ని ఉంచారు. ఆయనకు కృతజ్ఞతలు చెప్పాలి. కాని టీచర్లకు దారిఖర్చు, శిక్షణరోజుల్లో పోయిన కూలి ఇవ్వాలన్న చివరి పేరా దగ్గర అందరూ ఒక్కటయ్యారు. "ఇది సేవమ్మా, కూలిపని కాదు." ఆ పేరా వచ్చే సంవత్సరానికి వాయిదా పడింది. రైక్స్ ఇచ్చిన షిల్లింగు గురించి చెప్పాను. చరిత్ర విషయం బాగుందన్నారు.

ఇంటికొచ్చి అమ్మతో ఇదంతా చెప్పాను. అమ్మ పాతపెట్టెలోంచి తన పాఠాల నోటుబుక్కు తీసింది. ముప్పై ఏళ్లలో ఎన్నో పాఠాలు, ప్రతిదాని పక్కనా తేదీలు. హాగరు పాఠానికి ఒకే తేదీ ఉంది.

"మళ్లీ ఎందుకు చెప్పలేదమ్మా?"

"అప్పుడు మీ చిన్నత్త పుట్టింటికొచ్చి మనింట్లో ఉండింది కదా పాపా. చాపమీద వెనక కూచుని వినింది. చెప్పబుద్ధి కాలేదు ఇంగ."

అమ్మ ఆ పాఠాన్ని ఎవరితోనూ చర్చించలేదు. చర్చించడానికి ఆమెకు ఏ శిక్షణా దొరకలేదు. చెప్పడం మానేసింది, అంతే. పాఠం మానేసిన ఆ టీచరు కూడా అంతే. ఇట్లా చెప్పకుండా వదిలేసిన పాఠాలు ఎన్ని నోటుబుక్కుల్లో ఉన్నాయో. వాటిని ఎవరైనా విమర్శగా చదివితే బాగుండు. మీ అమ్మలో, అక్కలో సండేస్కూలు చెప్పినవాళ్లయితే, ఏ కథ చెప్పలేకపోయారని ఒకసారి అడిగి చూడండి.

ఆ టీచరు జూన్‌లో హాగరు పాఠం మళ్లీ చెప్పిందట. ప్రశ్న అడిగిన పిల్ల ఇప్పుడు తల్లితో బెంగుళూరులోనే ఉందని, ఆమెకు చెప్పలేకపోయానని ఫోన్లో అంది. వచ్చే మేలో శిక్షణ ఉంటే రావడానికి బస్సుఛార్జీ ఇస్తారా అని కూడా అడిగింది. కనుక్కుని చెబుతానన్నాను.